తక్కువ ధరకు వచ్చిన విమానం

జూబ్లీహిల్స్, 2005, ఆదివారం రాత్రి

ఫిలింనగర్ నిర్మాత యాదగిరి గారు షూటింగులకు వాడిన చిన్న విమానాన్ని కారు ధరకే ఇస్తానన్నారు. మా సాఫ్ట్‌వేర్ కంపెనీ లాభాల్లో ఉంది, నాకు పైలట్ లైసెన్సూ వచ్చింది. ఇవాళ దాన్ని చూడగానే సరేననబోయాను.

నా భార్య సునీత ఆయన్ని ఒకటే అడిగింది. "అన్నా, మీ పిల్లలను దీంట్ల ఎక్కిస్తరా?"

ఆయన విమానం రెక్క మీద చెయ్యి వేసి చెప్పారు. "ఎక్కియ్యనమ్మా. మొన్నటి వానలకు నీళ్లల్ల మునిగింది. రెక్కల లోపల తుప్పు వట్టింది, పైన రంగేయించిన."

ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో. అడిగినందుకు ఆమెకూ, చివరికి దాచనందుకు ఆయనకూ మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇంకెవరికైనా అమ్ముతారేమోనన్న బెంగ మాత్రం పోలేదు...

సునీతకు విమానమంటేనే ఇష్టం లేదనుకున్నాను ఇన్నాళ్లూ. కారులో వస్తూ, "మంచిది దొరికితే కొందాం. ముందుగాల నేనే ఎక్కుత," అంది.