ఆవుకు లేని సుంకం మా అమ్మకెందుకు?

శ్రీయుత దిగుమతి సుంకాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విదేశీ పప్పులపై పెంచిన సుంకమును తగ్గించుట గురించియు, అది కుదరని పక్షమున నేను నిర్దోషినని మా ఆవిడకు ఒక ఉత్తరం ఇప్పించుట గురించియు.

తమ కార్యాలయమున ముద్రలు వేయు గుమస్తానైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. సుంకం పెంచిన ఉత్తర్వుపై సంతకం తమరిది. ముద్ర మాత్రమే నాది. ఈ తేడా మా ఆవిడకు ఎంత చెప్పినా బోధపడుట లేదు. కొట్టు నుండి ఖాళీ సంచీతో వచ్చి, "ధర పెంచేది మీరు, వండాల్సింది నేనా? ఇవాళ ఏం వండమంటారు?" అని నిలదీసినది. "విషయం పరిశీలనలో ఉన్నది" అని అలవాటు కొద్దీ జవాబిచ్చితిని. నా ఖర్మ. ఆ పూట నా కంచం కూడా పరిశీలనలోనే ఉండిపోయినది.

2. మా అమ్మకు పళ్లు లేవు. మెత్తగా ఉడికిన పప్పు తప్ప మరొకటి గొంతు దిగదు. ధర పెరిగిననాటి నుండి "నాకెందుకో పప్పు సయించడం లేదురా, పిల్లకి పెట్టండి" అనుచున్నది. అబద్ధమని ఇంటిల్లిపాదికీ తెలియును. నాకు ఏడుపు వచ్చినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

3. సదరు పరిస్థితిలో ఉత్తర్వును ఆసాంతం తిరగేయగా, చివరి పేజీలో పశువుల దాణాకు వాడు పప్పు నూకపై సుంకం లేదని కంటబడినది. ఉత్తర్వును చివరిదాకా చదివే దురలవాటు ముద్రలవాడికి తప్ప ఎవరికుండును? వెంటనే దాణా కొట్టుకు పోయి ఒక బస్తా కొని, పెరటి గుమ్మంలోంచి తెచ్చి, గుట్టుగా వంటింటి డబ్బాలోకి ఒంపితిని.

4. అమ్మ రెండోసారి అడిగి పెట్టించుకున్నది. "ఇంత మంచి పప్పు ఎక్కడ దొరికిందిరా!" అని మురిసిపోయినది. కథ అక్కడ ఆగిన బాగుండును. ఖాళీ బస్తా పారవేయుట మరిచితిని. దానిమీద ఆవు బొమ్మ గలదు. అది మా అమ్మాయి కంటబడినది.

5. అప్పటి నుండి మా ఆవిడ నాకు అన్నం బకెట్లో పెట్టుచున్నది. అమ్మాయి "దాణా నాన్నా" అని పిలుచుచున్నది. ఇవన్నీ భరింతును. కానీ అమ్మ మళ్లీ పప్పు ముట్టుట లేదు. "నోరులేని జీవాల తిండి నేను లాక్కోనురా" అని మంచినీళ్లు తాగి పడుకొనుచున్నది. చిక్కి సగమైనది. అయ్యా, ఆవుకు లేని సుంకం మా అమ్మకెందుకు?

కావున ఆమె కంచంలో మనుషుల పప్పు పడునట్లు చేయుదురని, సదరు బకెట్ సాక్షిగా వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముద్రల గుమస్తా

తా.క.: ఈ అర్జీ జేబులో పెట్టుకుని ఆఫీసుకి వస్తుంటే, దాణా కొట్టు ముందు తమరి కారు కనబడింది. డ్రైవరు డిక్కీలోకి రెండు బస్తాలు ఎక్కిస్తున్నాడు. అడిగితే, "అయ్యగారింటికే. అమ్మగారు తెమ్మన్నారు" అన్నాడు. తమరికి ఆవు లేదు సార్. ఉన్న కుక్క పప్పు తినదు.

ఎవరికీ చెప్పను. నూకలో రాళ్లుంటాయి, బాగా గాలించమనండి. బస్తా మటుకు వెంటనే పారేయించండి. మా ఆవిడకు అడిగిన ఉత్తరం కూడా వద్దు. తమరూ అదే తింటున్నారని మా అమ్మకు ఒక్క ముక్క రాసివ్వండి చాలు. అంత పెద్ద ఆఫీసరే తింటున్నాడంటే తనూ తింటుంది.

ముద్ర నేనే వేసుకుంటాను.