ఒంటిగంట ఒప్పందం

మంగళవారం,
ఇంట్లో, పట్టపగలు రెండున్నర.

చిరంజీవి చిట్టితల్లికి,

నాన్న నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నా మోకాలూ ఇద్దరం కులాసా. అక్కడ నువ్వు, అల్లుడు, నా మూడు నెలల మహారాణి కులాసా అని తలుస్తాను. నాలుగు వీధుల అవతలికి ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు నన్ను రెండో మాట చెప్పనివ్వవు. కాగితానికైతే అడ్డం రాలేవు కదా! అందుకే అల్లుడి చేతికిచ్చి పంపుతున్నాను.

పైన వేళ చూశావా? పనిరోజు, రెండున్నర, నేను ఇంట్లో! ఈ వేళప్పుడు మన ముందు గదిలో ఎండ ఎక్కడ పడుతుందో ముప్ఫై ఒక్క ఏళ్లలో ఈరోజే చూశాను. ఆదివారాలేమో ఈ వేళకి గుర్రుపెట్టి నిద్రపోయేవాణ్ణి. కిటికీలోంచి దిగి తిన్నగా వచ్చి నీ పెళ్లి ఫొటో మీద కూర్చుంది తల్లీ. ఎవరికి చెప్పుకోను? ఎదురింటాయనకి రెండుసార్లు చెప్పాను. మూడోసారి తలుపేసుకున్నాడు.

సంగతేమిటంటే, శుక్రవారం మా బైండింగ్ షాపు ఓనరుగారిని అడిగాను. అడిగే ముందు జిగురు డబ్బా మూత మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాననుకో. ఇకనుంచి పొద్దున్న ఆరింటికే వచ్చి నేనే షాపు తెరుస్తాను, పన్నెండున్నరకి వెళ్లిపోతాను, ఒంటిగంట నుంచి మనవరాలిని చూసుకోవాలి అన్నాను. ఆయన, సరేనయ్యా, కటింగ్ పనంతా పొద్దున్నే తెమిలితే నాకూ మంచిదే, మిగతావాళ్లతో మాత్రం అనకు అన్నాడు. అంతే! చేతిలో టీ చల్లారలేదు, ఒప్పందం అయిపోయింది.

నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా. బయటికి రాగానే కుట్టు మిషను దగ్గరుండే అమ్మాయి చెవిలో వేశాను. ఆ పిల్ల నవ్వి, అయ్యో బాబాయ్, నేను నాలుగేళ్లుగా మూడింటికే వెళ్తున్నాగా, మా అత్తకి ఇంజెక్షన్ ఇవ్వాలని ఓనరుగారితో మాట్లాడుకున్నా అంది. నేనేమో ఇన్నాళ్లూ వెనక గదిలో దారాలు సర్దుతోందనుకున్నాను! అట్టలు అంటించే బావగారు వారం విడిచి వారం ఆ పని ఇంట్లోనే చేస్తాడట. అచ్చయిన ఫారాలు మడిచే పొడుగాయన ప్రతి శనివారం కడుపునొప్పి అనేవాడా, పాపమని నేను డాక్టరు చిరునామా కూడా రాసిచ్చానా, ఆ పెద్దమనిషి శనివారాలు ఎక్కడో ఈత నేర్పుతున్నాడట. ఒక్కొక్కరితో విడివిడిగా, గుట్టుగా, ఎవరితోనూ అనకు అంటూ ఒప్పందాలు. అందరి గుట్టూ అందరికీ తెలుసు, నాకు తప్ప. తొమ్మిదికొచ్చి ఆరుకి పోయిన గానుగెద్దును నేనొక్కణ్ణే!

ఒళ్లు మండి అందరినీ కడిగిపారేశాను. ఈతగాడు ఏమన్నాడో తెలుసా? గురువుగారూ, అడగనిదే అమ్మయినా పెట్టదు, మధ్యలో మామీదెందుకు ఎగురుతారు అన్నాడు. నాకే సామెత చెప్పాడు చూడు!

సరే, వాళ్లనొదిలెయ్. నీ మీద ఉంది నాకు అసలు కోపం. వచ్చే సోమవారం సెలవు అయిపోతుందని, ఆ రోజే మానేస్తున్నట్టు కాగితం రాసి సిద్ధం చేసుకున్నావట. ఆ మాట కూడా అల్లుడు చెబితే తెలిసింది. పళ్ల సెట్లు తయారుచేసే ఆ ల్యాబులో ఆరేళ్లు పనిచేశావు. పక్క పళ్లకి సరిపడేలా కొత్త పంటికి రంగు కలపడంలో నీ తర్వాతే ఎవరైనా అని మీ మేడమే నీ పెళ్లిలో నాతో అంది. అంతటిదానివి, ఒక్కసారి అడిగావా అంటే, అడిగినా ఇవ్వరు నాన్నా, అక్కడ అందరికీ తొమ్మిదే అంటావు. ఎవరు చెప్పారే నీకు? మా షాపులోనూ అందరికీ తొమ్మిదే అనుకునే కదా నేను తల నెరిపించుకున్నది!

వెళ్లి అడుగు. ఒంటిగంట నుంచి ఏడుదాకా వస్తాను, రంగు కలిపే పనులన్నీ నాకోసం ఉంచండి, ఒక్కటి కూడా మర్నాటికి మిగల్చను అని చెప్పు. బతిమాలకు, బేరమాడు. మీ మేడమ్ పళ్లు చేసే మనిషేగానీ కరిచే మనిషి కాదు. కాదందే అనుకో, అప్పుడు మానెయ్. నీ సామాను నేనే వచ్చి మోసుకొస్తాను. అడక్కుండా మానేస్తే మాత్రం నీతో మాట్లాడను. మాట్లాడతాలే, కానీ తిడతాను.

మధ్యాహ్నం పిల్ల ఏడిస్తే ఏం చేస్తావని దీర్ఘాలు తీయకు. మొన్న అల్లుడు గుడ్డ మార్చడం నేర్పాడు. మొదటిసారి ముందుది వెనక్కి చుట్టాను. మహారాణి ఏమీ అనుకోలేదు, నవ్వింది కూడా. మీ అమ్మ ఉంటే పక్కన నిలబడి వంద తప్పులు పట్టేది.

ఇట్లు,
నీ మీద బోలెడు కోపంతోనూ పట్టలేని సంతోషంతోనూ,
మీ నాన్న.

తా.క. ఫోనులో చెప్పలేకే ఉత్తరం రాశాను. నీకు తొమ్మిదేళ్లప్పుడు కాలు విరిగి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నావు. బడి పుస్తకాల రోజులు, ఆదివారం కూడా పనే, నేను షాపు నుంచి వచ్చేసరికి లోపలికి పంపే వేళ దాటిపోయేది. గేటు దగ్గర నిలబడి నీ కిటికీ వైపు చెయ్యి ఊపి వెళ్లేవాణ్ణి. ఓనరు వదలడంలేదని మీ అమ్మతో చెప్పాను, ఆమె నీతో చెప్పింది. అడిగినా ఇవ్వరన్న మాట నీకు ఆ మంచం మీదే అంటుకుందని నాకు తెలుసు. తల్లీ, ఆయన వదలకపోవడం కాదు. నేను అడగలేదు. కాదంటే ఆ మర్నాడు ఆయన ముఖం ఎలా చూడాలో తెలియక అడగలేదు. నువ్వు ఆస్పత్రిలో ఉన్న సంగతే ఆయనకి తెలియదు. నిన్న వెళ్లి చెప్పాను. చేతిలో లెక్కల పుస్తకం మూసేశాడు. తర్వాత, ఆ పదకొండు రోజులూ నా పక్కన కూర్చునే భోంచేశావు కదయ్యా అన్నాడు.