ఠాణాలో చదవని పేరు

రాయపూరు, 8-7-53

నాన్నకు నూకరాజు దణ్ణాలు. నాకు ఒంట్లో బాగానే ఉంది, సైకిలే పోయింది. వారానికి అది ఠాణాలో కనబడితే, నువ్వు చట్రం మీద తెలుగులో కొట్టించిన నా పేరు చూపించాను. “యే క్యా జలేబీ బనాయా, రే?” అని, ఇదేం జిలేబీ చుట్టావురా అన్నట్టు, ఠాణా రాతగాడు మున్షీ నవ్వాడు. దొంగ రసీదు తెచ్చినవాడికి నా కళ్ళముందే ఇచ్చేశాడు. ఆ మున్షీ చెయ్యి విరిచేద్దామనిపించింది, ఉద్యోగం గుర్తొచ్చి ఊరుకున్నాను. రైలింజన్ల షెడ్డుకి ఇంకొక్కరోజు ఆలస్యమైతే తీసేస్తారట. నీ సైకిలు గార్డు దానయ్య బండిలో వేసి పంపు. నువ్వు జూట్‌మిల్లుకి నడవాలని తెలిసే అడుగుతున్నాను. గొలుసూ తాళమూ కొని ఉంచాను. అమ్మకి దగ్గు తగ్గిందా? ఇంటికప్పు నేయించారా? చెల్లి సూరమ్మని అడిగానని చెప్పు. సైకిలు రాగానే దాని మీద హిందీలో కూడా పేరు కొడతాను. అందుకే రోజూ పలక మీద దిద్దుతున్నాను. నీ పేరు రాయడం వచ్చింది, నాది ఇంకా రాలేదు.