ఒకే దారిలో రెండు చందమామలు

1987 జూలై 6, సోమవారం

వర్షం. హిజ్లీలో మా ఇన్‌స్టిట్యూట్‌కి చేరేసరికి సైకిల్ మీద ముద్దగా తడిసిపోయాను. కంప్యూటర్ సెంటర్‌లో ఈరోజూ అదే జవాబు. శనిగ్రహం చుట్టూ ఒకే దారిలో తిరిగే ఆ రెండు చిన్న చందమామలు నాలుగేళ్లకోసారి దగ్గరకొచ్చి చోట్లు మార్చుకుంటాయి — లోపలిది బయటికి, బయటిది లోపలికి. మారగానే చిన్నది తడబడుతుంది. ఎప్పుడూ శనివైపే ఉండే దాని ముఖం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపే నా రెండేళ్ల పరిశోధన. గైడ్ సారు పేపరు జర్నల్‌కి పంపేశారు కూడా. మరి ఎందుకీ గుబులు...

8, బుధవారం

అమ్మ అన్నం వడ్డిస్తూ — "రైల్వే స్కూల్లో లెక్కల టీచరు కాళీ ఉందట. నీ స్కాలర్‌షిప్పు డిసెంబరుతో అయిపోద్ది కదే. ఏటి సేద్దామని?"

పేపరు అచ్చయితే పొడిగిస్తారన్నాను.

"అచ్చవ్వకపోతే?"

మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాను.

11, శనివారం

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

లెక్క తేలికవుతుందని ఆ మార్పిడిని ఒక్క క్షణంలో జరిపించాం. నిజానికి అది నెలల తరబడి మెల్లగా సాగుతుంది. అలాగే మెల్లగా సాగనిచ్చి ప్రోగ్రాం మళ్లీ నడిపాను. తడబాటు లేదు. కొత్త దారికి తగ్గట్టు సర్దుకుంటూ పోయింది చందమామ. మిగిలింది ప్రతి చుట్టులోనూ ఉండే చిన్న ఊపు — అది కక్ష్య కాస్త కోలగా ఉండటం వల్ల. మార్పిడితో దానికి సంబంధమే లేదు.

12, ఆదివారం

చర్చిలో పాట నోటికి రాలేదు. అమ్మ మోచేత్తో పొడిచింది — "ఏటయింది నీకు?"

13

ల్యాబ్‌లో నా సీనియర్ మాలతీ దీదీకి మాత్రం చెప్పాను. నవ్వేసింది. "శని దాకా కౌన్ జాయేగా దేఖ్‌నే? ఎవరెళ్లి చూడొచ్చారు, ఊరుకో." ఊరుకోవచ్చు. సారు రిటైరయ్యేలోగా ఇదే ఆయన ఆఖరి పేపరు.

ఊరుకోలేను.

15, బుధవారం

సారు క్వార్టర్స్‌కి వెళ్లాను. అంతా చెప్పేశాను. కప్పులో టీ చల్లారిపోయింది. కప్పు పక్కకు జరిపి అడిగారు — "ఒక్క క్షణంలో జరిపిద్దామన్నది ఎవరు?"

ఆయనే. నేను చేరిన మొదటి నెలలో, బ్లాక్‌బోర్డు దగ్గర, చాక్‌పీసుతో గీత కొట్టి మరీ చెప్పారు.

"నేనే, సార్," అన్నాను.

ఎందుకన్నానో! నోరు అదే అనేసింది. సారు నా ముఖంలోకి చూశారు. "ఠీక్ హై. రేపు రా."

16

వెళ్లాను. గదికి తాళం. పొద్దున్నే లోకల్ రైలు పట్టుకుని కలకత్తా వెళ్లారట. పేపరు వెనక్కి తీసుకోవడానికా? ఏమో. ప్యూన్‌కి తెలియదు.

గుమ్మంలోనే అమ్మ — "ఏటన్నారే మీ సారు?"

ఇంకా ఏమీ అనలేదమ్మా.

ఆ మాట ఎవరన్నారని నిన్న సారు మరిచిపోయి అడిగారా... గుర్తుండే అడిగారా?