లోపల వదిలిన గుడ్డ

రత్నం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ బర్మాలో గొడవలు ఆగలేదు. ఇంటర్నెట్ మళ్లీ ఆపేశారు. అయినా నీకు చెప్పాల్సింది ఒకటి జరిగింది.

ఏటికి అవతల దలాలో ఉన్న క్లినిక్ కోసం నేను మందుల చీటీలు అచ్చువేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాను కదా. మొదట చీటీలో బర్మీస్ మాటలకు సరిపడా గడులు కొలిచి బిగించేశాను. నువ్వు కుట్టుమిషన్ మీంచి తలెత్తి, "ఏటండీ, జాకెట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలకుండా ఎవలైనా కుడతారేటి? రేపు ఒళ్ళొస్తేనో?" అని నవ్వావు. నాకు కోపం వచ్చింది. కానీ మొత్తం విప్పి మళ్లీ రాశాను. మాటలన్నీ వేరే ఫైల్లో పెట్టి, మాట ఎంత పొడవుంటే గడి అంత సాగేలా చేశాను.

నిన్న పడవ దాటి దలా వెళ్లాను. క్లినిక్‌లో డాక్టర్లు లేరు, నర్సు పద్మ ఒక్కతే ఉంది. తెలుగు తప్ప చదవడం రాని సింహాచలమత్త, బర్మీస్ చీటీ అర్థంకాక పోయిన నెల ఒకేసారి మూడు మాత్రలు మింగి పడిపోయిందట. నన్ను అడిగే దారి లేక, పద్మే ఆ ఫైల్లో తెలుగు రాసేసింది.

నిన్న మందులకొచ్చిన అత్త కళ్లద్దాలు సర్దుకుని కొత్త చీటీ పైకి చదివింది. "రాత్రి అన్నం తిన్నాక ఒక్క మాత్ర మాత్రమే వేసుకోవాలి. ఓలమ్మ, ఇది మన బాసేనేటే!"

అంత పొడుగు వాక్యం గడిలో హాయిగా ఒదిగింది. ప్రోగ్రాంలో నేను ఏమీ ముట్టుకోలేదు.

"బాబాయ్, తెలుగుకి ఇంత సోటు ముందే ఎలా వదిలావు?" అంది పద్మ.

"మీ పిన్ని కొలతలవి" అన్నాను.