మూడో జత బూట్లు

అక్కా,

మళ్లీ బూట్లు పంపావు. ఇది మూడో జత. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు రోజూ నడవాలని డాక్టరు చెప్పిన సంగతి నాకూ తెలుసు తల్లీ! ఆ మాత్రలు వేసుకుంటే పొద్దున పదకొండు దాకా కళ్లే తెరుచుకోవు. ఎలాగో లేచి బయల్దేరితే అమ్మ పదడుగుల వెనకే వస్తుంది. నేను ఆగితే తనూ ఆగి, గోడమీది పోస్టర్లు చదువుతున్నట్టు నటిస్తుంది. వీధి చివర మందుల షాపాయన అందరూ వినేలా, "ఇప్పుడు బాగానే ఉంటున్నావా బాబూ?" అని అరుస్తాడు. ఇక నడక ఎవడిక్కావాలి? తిరిగొచ్చి పడుకుంటాను. మీరేమో బద్ధకం అంటారు.

నిన్న అమ్మ కళ్లుగప్పి, బూట్ల షాపు దాకా ఒక్కణ్నే నడిచి వెళ్లాను. ఈ జత ఇచ్చేసి నీ సైజుది తెచ్చాను. ఆదివారం వచ్చి వేసుకో. దారిలో మాత్రల ఊసెత్తకు. నా వెనక కాదు, పక్కన నడువు.

నీ తమ్ముడు