ఎల్డర్‌బెర్రీ మొదటి చెంచా

శారదా,

ఈ అమెరికాలో, మన ట్రాయ్ ఊళ్ళో చలి మొదలైంది. పక్కింటి మార్గరెట్ ఈ ఏడాది కూడా తన పెరట్లో కోసిన ఎల్డర్‌బెర్రీలు బకెట్ నిండా తెచ్చి ఇచ్చింది. పచ్చివి తినొద్దని, బాగా ఉడికించమని ఎప్పటిలాగే రెండుసార్లు చెప్పింది. ఈసారి నీకు కాదు, నాకు.

నేనూ అమ్మాయీ కలిసి జలుబుకి సిరప్ కాచాం. నువ్వు వేసినట్టే అల్లం, మిరియాలు దంచి వేశాం. వడకట్టి, చల్లారాక తేనె కలిపాం. స్టవ్ మీద ఊదారంగు మరకలు పడ్డాయి. నువ్వుంటే కేకలేసేదానివి.

"ఎల్డర్ అంటేనే పెద్దవాళ్ళు. మొదటి చెంచా నాదే" అని ప్రతి చలికాలం నువ్వే ముందు తాగేదానివి. నాకన్నా నాలుగు నెలలు పెద్దదానివని పెళ్ళిలో ఎవరికీ తెలియనివ్వలేదు. ఈ సిరప్ దగ్గర మాత్రం దర్జాగా ఒప్పుకునేదానివి. దాంతో జలుబులు ఆగాయో లేదో గానీ, నేను ఏటా ఆ మాట కోసం ఎదురుచూసేవాణ్ణి.

అమ్మాయి చెంచా నింపి నా ముందు పట్టింది. "నాన్నా, ఫస్ట్ నువ్వే తాగు. ఇప్పుడు ఎల్డర్ నువ్వే కదా?"

మామూలుగానే అంది. నువ్వు వెళ్ళిపోయి నిన్నటికి సరిగ్గా నాలుగు నెలలని తను లెక్క చూడలేదు. నీ వయసు అక్కడే ఆగిపోయింది. ఇవాళ్టి నుంచి నేను నిజంగానే నీకన్నా పెద్దవాణ్ణి.

ఆ చెంచా నీ స్టీలు గ్లాసులో పోయించాను. రెండోది నేను తాగాను.

ఇట్లు,
నీకన్నా నాలుగు నెలలు చిన్నవాడు